చూసేవాళ్ళు అక్కర్లేని నాట్యం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇక్కడ న్యూజిలాండ్‌లో, జాన్సన్‌విల్‌లో మా తెలుగువాళ్ళు కలిసి చేసుకునే వినాయక చవితికి ప్రోగ్రాం లిస్టు ఏటా నా చేతిలోనే పెట్టడానికి అదే కారణమేమో. ఒక్కో ఐటమ్‌కి నాలుగు నిమిషాలు. ఐదో నిమిషంలో పాట ఆపేస్తాను, ఎవరి పిల్లలైనా సరే.

ఆ ఏడు లిస్టులో ఒక ఖాళీ మిగిలింది. వెల్లింగ్టన్‌లో నా ఆఫీసులోనే పనిచేసే ఒకావిడ ఇండోనేషియాలోని బాలి నుంచి వచ్చింది. పొద్దున్నే ఇద్దరం ఒకే రైలెక్కుతాం. వాళ్ళ ఊరి గుళ్ళో పండగైతే ఆడవాళ్ళంతా నాట్యం చేస్తారని, దాన్ని రెజాంగ్ అంటారని ఓసారి చెప్పింది. "మా చవితికి వచ్చి చెయ్యకూడదూ?" అని అడిగాను. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే అనుకోండి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వెంటనే ఒప్పుకుంది. లిస్టులో "ఇండోనేషియా డాన్స్" అని ఎక్కించి, కనిపించిన ప్రతివాళ్ళకీ గొప్పగా చెప్పుకున్నాను.

చవితి నాడు తెల్ల జాకెట్టు వేసుకుని, నడుముకి పసుపు గుడ్డ చుట్టుకుని హాలుకి వచ్చింది. స్టేజీ చూపించాను. అటు చూసి, హాలంతా కలయజూసి, "మీ దేవుడెక్కడ?" అంది.

వినాయకుణ్ణి అటు చివర, కిచెన్ తలుపు పక్కన కూర్చోబెట్టాం. స్టేజీ మీద పెడితే పిల్లల డాన్సులకి అడ్డం.

"అయితే నేనక్కడ చేస్తాను, ఆయన ముందు."

"అక్కడ చేస్తే జనానికి మీ వీపే కనిపిస్తుంది."

"అవును" అంది, అందులో తప్పేముందన్నట్టు.

నాకు ఒళ్ళు మండింది. "పోనీ ఈ ఒక్కసారికి స్టేజీ మీద, ఇటు తిరిగి చెయ్యండి" అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఇంత టెక్కా అనుకుని, పెన్ను తీసి ఆవిడ ఎదుటే ఆ ఐటమ్ కొట్టేశాను.

ఆవిడ కోప్పడలేదు. మెల్లగా చెప్పింది. రెజాంగ్ చూసేవాళ్ళ కోసం కాదట. పండగ రోజున దేవతలు గుడిలోకి దిగివస్తారు. వాళ్ళని రమ్మని పిలవడమే ఆ నాట్యం. బాగా చేసేవాళ్ళనంటూ ఎవరినీ ఏరరు. వాళ్ళ ఊళ్ళో ఇంటికొక ఆడమనిషి వచ్చి వరసలో నిలబడాలి, అంతే. వాళ్ళింటి తరఫున ఇన్నేళ్ళూ వాళ్ళమ్మే నిలబడింది. ఈ మధ్య తుంటి ఎముక విరిగి ఆమె మంచం దిగలేకపోతోంది. ఈవిడకేమో ఊరెళ్ళడానికి సెలవు దొరకలేదు. ఆ గుడి పండగ సరిగ్గా ఈ రోజే.

"వరసలో మా ఇంటి చోటు ఖాళీ అయిపోతోందని అమ్మ వారం నుంచి ఏడుస్తోంది. మీ చవితి సంగతి చెప్తే, అక్కడా దేవుడున్నాడుగా, అక్కడే నిలబడు అంది. అందుకే వస్తానన్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మనిషికి ఆ రోజు ఎంత ముఖ్యమో అడగనైనా అడక్కుండా నాలుగు నిమిషాల లెక్క చూసుకున్నాను. లిస్టు మడిచి సంచిలో పడేసి, "రండి" అని కిచెన్ వైపు నడిచాను.

అక్కడ ప్రసాదం క్యూ నడుస్తోంది. పులిహోర వడ్డిస్తున్న ఆంటీ గరిటె ఊపుతూ, "అమ్మాయ్, ఆవిణ్ణి కాస్త పక్కకి జరగమనవే, క్యూకి అడ్డమొస్తోంది" అంది.

"క్యూనే జరగమనండి ఆంటీ" అన్నాను. అంతా నావైపు ఓ చూపు చూసి జరిగారు.

ఆవిడ వినాయకుడి ముందు చేతులు జోడించి నిలబడింది గానీ మొదలుపెట్టలేదు. నావైపు తిరిగి, "ఇది ఒక్కళ్ళే చేసేది కాదు. వెనక వరస ఉండాలి" అంది.

"నాకు డాన్సు రాదు."

"మా అమ్మకీ రాదు. ముందున్నవాళ్ళని చూసి చేస్తుంది."

చెప్పులు విప్పి వెనక నిలబడ్డాను. ఆవిడ ఫోనులోంచి గంటల మోత మొదలైంది. చేతులు పక్కలకి చాపి, మెల్లగా ఒక్కో అడుగూ వెయ్యడం తప్ప ఇందులో పెద్దగా ఏమీ లేదు. అయినా నా చేతులు ఎటు పోతున్నాయో నాకే తెలియలేదు. మొదట సిగ్గేసింది. కానీ నన్ను చూస్తున్నదెవరు, అందరి కళ్ళూ స్టేజీ మీద పిల్లల మీదే ఉన్నాయి. ఓసారి వెనక్కి తిరిగితే, పులిహోర ఆంటీ చెయ్యి కడుక్కుని వచ్చి నా వెనక నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు.

అయ్యాక, అక్కడే కిచెన్ తలుపు దగ్గర నిలబడి వాళ్ళమ్మకి వీడియో కాల్ చేసింది. దిండుకి ఆనుకుని కూర్చున్న ముసలావిడ వాళ్ళ భాషలో ఏదో అడిగింది. ఈవిడ ఒక్క ముక్కలో జవాబు చెప్పింది. ఆమె కళ్ళు తుడుచుకుని, ఫోనులోంచే నాకు చేతులు జోడించింది.

ఏమడిగారన్నాను.

"నీ వెనక ఎవరు నిలబడ్డారని అడిగింది. మన ఇంటివాళ్ళే అన్నాను."