మామయ్య ఆ రోజు రైలెందుకు ఎక్కలేదంటే

నిన్న పొద్దున పటమట నుంచి బావ ఫోన్. "నాన్న ఇక లేరే" అన్నాడు. అంతే.

మొన్న ఆదివారమేగా, నా పోస్ట్‌లో తప్పులున్నాయని మామయ్య ఫోన్ చేసి మరీ తిట్టారు.

మామయ్య అంటే మా అమ్మ అన్నయ్య. బెజవాడలో పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్‌గా రిటైరయ్యారు. రాజ్యాంగం గురించి గంటలు మాట్లాడేవారు. ఇంట్లో మాత్రం సర్వాధికారాలూ అత్తయ్యవే.

నేనూ ఆయన స్టూడెంట్‌నే. క్లాసులో నోరుజారి "మామయ్యా" అన్నానని ఓసారి బయట నిలబెట్టారు. సాయంత్రం ఇంటికొచ్చి జంతికలు పెట్టి బుజ్జగించారు. అదీ మనిషి.

ఏటా మొదటిరోజు ఆయన క్లాసు ఒకటే. పుస్తకం తెరిచేవారు కాదు. సొంత కథ చెప్పేవారు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. పెడనలో మాది మగ్గాల వీధి. ఆ వీధి మొత్తానికి కాలేజీ చదువు చదివింది మామయ్య ఒక్కరే. బెజవాడ కాలేజీలో లెక్చరర్ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆ రోజుల్లో అలాంటి పిలుపు మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు.

సరిగ్గా ఆ పొద్దునే ఎదురింటివాళ్లు పడుగు వేశారు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. నేతకు ముందు నూలును వీధి పొడవునా సాగదీసి గంజి పట్టిస్తారు. ఆరేదాకా దువ్వుతూనే ఉండాలి. ఆపితే పోగులన్నీ అంటుకుపోయి నూలంతా పాడవుతుంది. అందుకే ఎవరి పడుగైనా వీధంతా వచ్చి చెయ్యి వేయాలి. వేసిన చెయ్యి ఆరేదాకా తీయకూడదు. ఇళ్ల మధ్య పగలున్నా సరే.

పగ ఉంది కూడా. మా తాతయ్యకూ ఎదురింటాయనకూ ఏళ్ల తరబడి మాటల్లేవు.

రైలుకు ఇంకా టైముందిలే అని మామయ్య ఓ చెయ్యి వేశారు. ఇంతలో మబ్బు పట్టింది. ఎండ లేదు, పడుగు ఆరదు. స్టేషన్‌లో రైలు కూత వినపడింది. ఆయన కదల్లేదు.

మధ్యాహ్నం రైల్లో వెళ్లేసరికి ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు. మా తాతయ్య చాలా రోజులు కొడుకుతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజు అన్నది ఒకటే: "ఆళ్ల పడుగు ఆరింది. నీ బతుకు తడిసింది."

ఏడాదిపాటు మగ్గం గుంటలో కూర్చున్నారు మామయ్య. మరుసటేడు ఇంకో ఖాళీ వస్తే అప్పుడు దొరికింది లెక్చరర్ పోస్టు.

ఇదంతా చెప్పి, చాక్‌పీస్ తిప్పుతూ అడిగేవారు. "చట్టం లేదు. పోలీసు లేడు. వాళ్లతో మాటల్లేవు. మరి నేనెందుకు ఆగాను?"

ఒకడు సంఘ భయం అనేవాడు. ఒకడు ధర్మం అనేవాడు. నేను లేచి సోషల్ కాంట్రాక్ట్ అని దంచాను. అందరికీ ఒకటే మాట, "ఇంకా ఆలోచించండి." జవాబు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

నిన్న సాయంత్రం పాత స్టూడెంట్స్ చాలామంది వచ్చారు. అందరివీ నెరిసిన తలలే. ఒకాయన కళ్లు తుడుచుకుంటూ, "సార్ ఆ ప్రశ్నకు ఆన్సర్ చెప్పకుండానే వెళ్లిపోయారమ్మా" అన్నారు.

అత్తయ్య మామయ్య పక్కనే కూర్చుని ఉంది. ఆవిడ ఆ ఎదురింటి పిల్లేనని మాకు తెలుసు. ఎప్పుడో పెద్దలు రాజీపడి చేసిన పెళ్లి అనుకునేవాళ్లం.

నెమ్మదిగా తలెత్తింది.

"జవాబేవుంది బాబూ. ఆ రోజు అవతల కొసన తెగిన పోగులు ముడేస్తంది నేనే. రైలు కూసింది. ఎల్లండని సైగ చేశాను. ఈయన ఎల్లలా. నన్నే చూస్తా నిలబడ్డారు."

అత్తయ్య ఆయన వైపు తిరిగింది.

"పిల్లలకు చెప్పొద్దే, క్లాసులో పరువు పోద్ది అన్నారు. ఇన్నేళ్లూ చెప్పలా" అంటూ ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది.

ఏడుస్తూనే నవ్వాం అందరం. సోషల్ కాంట్రాక్ట్ అన్న నేను అందరికంటే ఎక్కువ ఏడ్చాను.

అత్తయ్యను మేం చూసుకుంటాం. మీరు బెంగ లేకుండా, ప్రశాంతంగా ఉండండి మామయ్యా.