ముహూర్తం కారుకు జ్వరం

ఆ రోజుల్లో నాకు మేలుకుని ఉండగానే కలలు వచ్చేవి. వెంగళరావు నగర్ హాస్టల్లో ఇడ్లీ తింటూ తింటూనే వెండితెర మీద నా పేరు చూసుకునేదాన్ని (ఈలోగా చట్నీ ఒళ్ళో పడేది). మెకానికల్ డిప్లొమా చేసి కూడా, ఫిల్మ్ నగర్‌లో ఒక దర్శకుడి దగ్గర ఆఖరి అసిస్టెంటుగా చేరాను. సినిమా ముహూర్తం అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి కూడా మొదలవకపోతే ఇంటికొచ్చి, నాన్న చూసిన ట్రాక్టర్ షోరూమ్ ఉద్యోగంలో చేరతానని మాటిచ్చేశాను.

ఆ ఉదయం జూబ్లీ హిల్స్ గుట్టల మీద పలచగా మంచు పట్టింది. షూటింగ్ బంగళా గేటుకు కట్టిన బంతిపూల మీద ఎండ పడుతుంటే నేను లోకం మరిచి చూస్తున్నాను. మొదటి షాటు చిన్నదే. హీరో కారు నడుపుకుంటూ గేటులోకి రావాలి. కారు నిర్మాతగారిది, ఆయన్ని అందరం బాబాయిగారు అనేవాళ్ళం. "కెమెరాకి పూజ చేశాం, ఇంజన్‌కి చెయ్యకపోతే ఎలాగండీ?" అంటూ ఆయన బానెట్ తెరిపించి, ఇంజన్‌కి పసుపు, కుంకుమ అద్ది, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు దానిమీదే పోశారు. డ్రైవరన్న తాళం తిప్పాడో లేదో, వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది.

"ఇప్పుడే చాలూ చేసిన, గప్పుడే ఎట్ల వేడెక్కుతది సార్? చెయ్యి పెట్టి చూడుండ్రి, సల్లగున్నది" అన్నాడు డ్రైవరన్న.

"దిష్టండీ! ఇంకో కాయ తెండి" అన్నారు బాబాయిగారు. రెండో కాయ నీళ్ళూ ఇంజన్ తాగింది. ముల్లు చివరికంటా పోయింది. హీరో కారెక్కనన్నాడు. బాబాయిగారి ముఖం వాడిపోయింది. "మూడోసారీ ఇంతేనా? ఈ కథ మనకి అచ్చిరాదండీ. ముహూర్తం దాటితే ఆపేద్దాం."

అప్పుడు తెలివొచ్చింది నాకు. ఇంజన్ వేడిని కనిపెట్టే సెన్సర్ ప్లగ్గులో నీళ్ళు చేరితే ముల్లు ఇలాగే లేని జ్వరం చూపిస్తుంది. పరుగెత్తి ఆ ప్లగ్గు ఊడదీశాను.

"ముల్లు మొత్తం కిందికి పడ్డది చెల్లె!" అని అరిచాడు డ్రైవరన్న. అంటే మీటరూ, అక్కడిదాకా వచ్చే వైరూ బాగున్నట్టే. ప్లగ్గులో చూస్తే పసుపు, కొబ్బరినీళ్ళు కలిసి చక్కటి ప్రసాదంలా ఉంది. మంచినీళ్ళతో కడిగి, చున్నీతో తుడిచి, మేకప్ వ్యానులోంచి హెయిర్ డ్రయ్యర్ తెచ్చి ఆరబెడుతుంటే, పంతులుగారు గడియారమే చూస్తున్నారు. బాబాయిగారు అప్పటికే మూడో కాయ ఎత్తారు.

"వద్దు బాబాయిగారూ, మీకు దణ్ణం పెడతాను!"

ప్లగ్గు తిరిగి పెట్టగానే ముల్లు బుద్ధిగా తన చోటికి వచ్చింది. క్లాప్ కొట్టారు. కారు గేటు దాటింది. బాబాయిగారు నా చేతిలో కొబ్బరిముక్క పెట్టి, "చూశావా అమ్మా, రెండో కాయకి దిష్టి ఎలా వదిలిందో!" అన్నారు. నములుతూ "అవునండీ" అన్నాను.

వెంటనే నాన్నకు ఫోన్ చేశాను. "సినిమా మొదలైంది నాన్నా!"

"మొదటి షాటులో నీ పనేమిటమ్మా?"

"హెయిర్ డ్రయ్యర్ పట్టుకున్నాను."

ఆయన "సరేనమ్మా" అని ఫోన్ పెట్టేశారు (పాపం, డిప్లొమా ఫీజులు గుర్తొచ్చి ఉంటాయి). నేను మాత్రం పసుపు మరకల చున్నీతో గేటు పక్కన నిలబడి, సంతోషం పట్టలేక ఏడ్చేశాను. ఆ పిచ్చిపిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది; కాస్త అసూయ కూడా కలుగుతుంది.