బతకదట

పెద్దకోడలి మాటకు తిరుగులేని చోట్లు ఈ లోకంలో రెండే. ఒకటి ఆవిడ పనిచేసే కళ్ళద్దాల దుకాణం. గోడమీది అక్షరాలు ఆనకపోయినా పౌరుషానికి పోయి ఏదో ఒకటి చదివేసే పెద్దమనుషుల్ని "చదవమన్నాను గానీ ఊహించమనలేదండీ" అని అక్కడికక్కడే ఆపేస్తుంది. రెండోది ఫోన్లో కాక్టస్‌లు పెంచేవాళ్ళు పెట్టుకున్న ముళ్ళమొక్కల సంఘం. అక్కడ ఎవరి మొక్క వాడినా "అక్కగారేమంటారో చూద్దాం" అంటారు. ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు కాబట్టి, అక్కడ కనబడినప్పుడల్లా ఇంకోసారి చదువుకునేది.

అలాంటి సంఘంలోకి తోడికోడల్ని చేర్చింది కూడా తనే. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

చిన్నకోడలు కిటికీ తెరలు కుడుతుంది, చేతిలో పనితనం ఉన్న మనిషి. సంఘంలో చేరి రెండేళ్ళు నిండకముందే ఒక మొక్క మొదలు మీద ఇంకో మొక్క తల కోసి పెట్టి, అంటు కట్టి, దానికి పువ్వు పూయించి ఫొటో పెట్టింది. జనం ఎగబడ్డారు. పెద్దకోడలు ఏళ్ళ తరబడి పిల్లాడిలా సాకుతున్న మొక్క మొగ్గ కూడా వేయలేదు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. ఇక్కడ తోడికోడలు నవ్వను కూడా లేదు. "అంతా మా అక్క దగ్గర నేర్చుకున్నదే" అని రాసింది. దాంతో ఈవిడకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

ఆ మంటలోనే రాసింది: "అంటు కట్టిన ముళ్ళమొక్క ఏడాది దాటి బతకదట."

సంఘం పెద్ద ఒకప్పుడు ప్రూఫులు దిద్దిన ఆయన. ఇప్పుడు దిద్దడానికి కాగితాలు లేక మనుషుల్ని దిద్దుతున్నాడు. ఆయన పెట్టిన రూలు ఒకటుంది. కళ్ళారా చూస్తే "బతకదు" అని రాయాలి, ఎవరో చెప్తే "బతకదట" అనాలి, తోచిందయితే "బతకదనుకుంటాను" అనాలి. చూసినవన్నీ "చూసిన మాటలు" అనే పేజీకి ఎక్కిస్తాడు. కొత్తవాళ్ళు ముందు చదివేది ఆ పేజీనే.

"అక్కగారూ, ఆ 'ట' ఎవరిదండీ?" అని అడిగాడాయన, అందరి ముందూ.

ఎవరిదని చెప్తుంది? ఆ 'ట' ఆవిడ కడుపులోంచి వచ్చింది. పరువు పోతుందని గబుక్కున దాన్ని చెరిపేసింది. "బతకదు. మా ఇళ్ళల్లోనే చూశాను" అని మార్చింది. నిజానికి ఆవిడ చూసింది వేరు. ముందు ఆదివారమే తోడికోడలి కిటికీలో రెండో ఏడు నడుస్తున్న అంటుమొక్క నిగనిగలాడుతూ కనిపించింది, కన్ను కుట్టింది కూడా. సంఘం పెద్ద ఆ మాటను పేజీకెక్కించాడు. చిన్నకోడలు కిక్కురుమనలేదు. ఫొటోలు పెట్టడం మాత్రం మానేసింది. పెద్దకోడలికి చాన్నాళ్ళ తర్వాత హాయిగా నిద్ర పట్టింది.

ఆ హాయిని ఒక బస్సు డ్రైవరు పాడుచేశాడు. వాళ్ళమ్మ పెంచిన మొక్కట, ఒళ్ళంతా తెల్లటి మెత్తని నూగు. అమ్మకిప్పుడు చూపు లేదు, రోజూ పొద్దున్నే ఆ నూగును చేత్తో నిమిరి పలకరిస్తుంది. ఇప్పుడు మొక్క అడుగునుంచి కుళ్ళుతోంది. "తల కోసి అంటు కడితే దక్కుతుందని ఒకరన్నారు. మీరు బతకదన్నారు కదా అని ఆగాను. కుళ్ళు పైకి పాకుతోంది. ఏం చెయ్యమంటారు అక్కగారూ?"

దుకాణంలో గిరాకీ ఉన్నా ఆవిడ ఫోను కింద పెట్టలేకపోయింది. నిజం రాస్తే ఉన్న ఒక్క పరువూ పోతుంది. ఊరుకుంటే ఆ ముసలావిడ చేతికి ఏదో ఒక పొద్దున ఖాళీ కుండీ తగులుతుంది. పోనీ నిజం రాద్దామన్నా, అంటు ఎలా కట్టాలో ఆవిడకు తెలిస్తే కదా. అది తెలిసింది ఒక్కరికే.

చివరికి తోడికోడలికి ఫోను కలిపింది.

"చెల్లీ, ఆ పేజీలో నేను రాసింది..."

"చూశానక్కా."

"అబద్ధమని తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నావు?"

అవతల కుట్టుమిషను ఆగింది. "పూర్తిగా అబద్ధం కాదక్కా. నా మొదటి అంటు చచ్చిపోయింది. మీరు చూస్తారని కుండీతో సహా పారేశాను. మీకెలా తెలిసిందా అని భయమేసింది."

"నేను చూస్తే ఏమయింది?"

"నవ్వుతారని."

పెద్దకోడలి మనసు ఒక్కసారి ఎగిరి గంతేసింది. చచ్చిందన్నమాట. రాసింది నిజమే, చూడకపోయినా నిజమే. పేజీ జోలికి పోనక్కర్లేదు. ఈ సంబరం ఇంకా గొంతు దిగకముందే అవతల చిన్నకోడలు అంటోంది: "ఆ డ్రైవరుకి అది కూడా రాయండక్కా. కత్తి తుడవకుండా కోశాను, అందుకే పోయింది. ఆయన అదే తప్పు చేస్తే పాపం ఆ ముసలావిడ..."

ఒప్పుకోవడంలో కూడా తోడికోడలే ముందు. సిగ్గుపడాల్సిన చోట కూడా పెద్దకోడలికి వచ్చింది అసూయే. అయినా రాసింది, "చూసిన మాటలు" పేజీ కిందనే. అంటుమొక్క బతకదని తాను చూడలేదు, బతికినదాన్ని చూసింది, ఓర్వలేక అలా రాసింది. తర్వాత తోడికోడలు చెప్పినట్టే కత్తి సంగతీ, రెండు మొక్కల్నీ కోసిన చోట నడిమధ్యన కనబడే వలయాలు ఒకదానిమీద ఒకటి కూర్చోవాలన్న సంగతీ రాసి, ఇదంతా ఎవరి విద్యో వాళ్ళ పేరూ పెట్టింది.

అనుకున్నట్టే జనం చిన్నకోడలి చుట్టూ మూగారు. ఈవిడను ఎవరూ తిట్టలేదు, పలకరించనూ లేదు. డ్రైవరు మాత్రం కత్తి పట్టుకుని మళ్ళీ ఈవిడనే అడిగాడు. "సగం దాకా కోశానక్కగారూ. కుళ్ళు మొత్తం పోయిందని ఎలా తెలుస్తుంది?"

"కోసిన చోట ఒక్క మచ్చ కూడా కనబడకూడదు. కనబడితే కత్తి తుడిచి మళ్ళీ కోయండి" అని రాసింది. చూసిన మాటే కాబట్టి ఇంకో ముక్క చేర్చింది.

"ఒక్క కోతకు పోదండీ అది."