రెండో సైరన్ మోగని రోజు

నా మచ్చల సంగతి మొదట నాకు చెప్పింది ఐదో తరగతి పిల్ల. బోర్డు మీద భిన్నాలు రాసి వెనక్కి తిరిగాను. ముందు బెంచీలో పిల్ల లేచి, "టీచర్, మీ మొకానికి బొగ్గు అంటింది" అన్నది. మాది గోదావరిఖనిలో గని కార్మికుల కాలనీ. ఇక్కడ ఆరేసిన బట్టలకూ బొగ్గు అంటుతుంది, అన్నం గిన్నె మూతకూ అంటుతుంది. కొంగుతో తుడుచుకున్నాను. "పోలే టీచర్" అన్నది. ఇంటర్వెల్‌లో కుళాయి దగ్గర సబ్బు పెట్టి రుద్దాను. రెండు చెంపల మీద, పై పెదవి మీద గోధుమ రంగు మచ్చలు అట్లాగే ఉన్నాయి. అప్పటికి నా రెండో కూతురు పుట్టి నాలుగు నెలలు.

నన్ను కన్న మా అవ్వ చూసి, "మంగు బిడ్డా. కాన్పైనంక వస్తది, పోతది. ఫికర్ చెయ్యకు" అన్నది. పోలేదు. జాజికాయ అరగదీసి రాశాను. మెడికల్ షాపువాడు ఇచ్చిన ట్యూబు రాశాను. రాసినన్నాళ్ళు తెల్లబడ్డట్టే ఉండి, ఆపగానే మచ్చ రెండింతలైంది. ఏడాది తిరిగేసరికి పౌడరు దట్టంగా అద్దుకోనిదే గడప దాటలేని స్థితికి వచ్చాను. చెమటకు ఆ పౌడరు చారలు కట్టేది. దాంతో పిల్లల వైపు తిరగడం తగ్గించి, బోర్డుకే పాఠం చెప్పడం మొదలుపెట్టాను. లెక్కలు చెప్పడమంటే నాకు ప్రాణం. లెక్క అర్థమైనప్పుడు పిల్లల మొహం ఎట్లా మారుతుందో చూడటానికే నేను టీచర్నయ్యాను. అది చూడలేనప్పుడు ఈ ఉద్యోగం ఎందుకు, మానేద్దామా అనుకున్నాను.

మా ఆయన గనిలో భూమి కింద పనిచేస్తాడు. మాటలు తక్కువ. ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి, "కరీంనగర్ల చర్మం డాక్టర్ ఉన్నడట, పోదాం పా" అని బస్సెక్కించాడు.

డాక్టర్ పెద్దమనిషి. చీకటి గదిలో కూర్చోబెట్టి, వుడ్స్ ల్యాంప్ అనే ఊదా రంగు దీపం కింద నా మొహం చూశాడు. "మెలాస్మా. ఎపిడెర్మల్ టైపు. అంటే పైపొరలనే ఉన్నది, నయమైతది" అన్నాడు. నేను రాసుకున్న ట్యూబు చూసి దాన్ని చెత్తబుట్టలో వేశాడు. "దీంట్ల స్టెరాయిడ్ ఉన్నది. చర్మం పలచబడ్డది. ముందు రెండు నెలలు సన్‌స్క్రీన్ రాసుకుంట, ఎండల తిరగకుంట ఉండుండ్రి. తర్వాత పీల్ చేద్దాం, అంటే మందు రాసి మచ్చ ఉన్న పైపొర ఊడగొట్టుడు."

గ్లైకాలిక్ యాసిడ్ పీల్ అన్నాడు. యాసిడ్ అన్న మాటకే కుర్చీ వెనక్కి జరిపాను. ఆయన స్టాప్‌వాచ్ తీసి నా ముందు పెట్టాడు. "మందు ఎంత ముఖ్యమో టైం గంత ముఖ్యం టీచరమ్మా. ఇయ్యాల రెండే నిమిషాలు. మీ చర్మం తట్టుకుంటే తర్వాత పెంచుదాం." బ్రష్‌తో రాశాడు. చిమచిమలాడింది. రెండు నిమిషాలు కాగానే సోడా కలిపిన నీళ్ళతో తుడిచి, "న్యూట్రలైజ్ చేసిన. ఇగ మందు పని ఆగింది" అన్నాడు. పదిహేను రోజులకోసారి మూడుసార్లు చేశాక మచ్చలు సగానికి సగం పలచబడ్డాయి. పౌడరు లేకుండా బడికి పోయిన రోజు నాకు పండగే అయింది.

అక్కడితో ఆగితే ఇది రాయవలసిన పని లేకపోయేది. పదిహేను రోజులకోసారి సెలవంటే హెడ్‌మాస్టర్ మొహం మాడ్చుకునేవాడు. మందు ఇంటికి ఇవ్వమని నేనే డాక్టర్ వెంటపడ్డాను. ఆయనకు ఇష్టం లేదు. చివరకు పలచటి మందు ఒక సీసాలో పోసి ఇచ్చాడు. "కండ్లు మూసుకోండ్రి. ఐదు నిమిషాలు, అంతకంటె ఎక్కువ వద్దు. మంటైతే ముందే కడుగుండ్రి" అన్నాడు. చివరి మాట నేను సరిగ్గా చెవిన వేసుకోలేదు.

ఇప్పుడు నా తెలివి సంగతి చెప్పాలి. కళ్ళు మూసుకుంటే గడియారం ఎట్లా చూడాలి? మా కాలనీలో టైం చెవులతోనే తెలుస్తుంది. షిఫ్టుకు ఐదు నిమిషాల ముందు గని సైరన్ ఒకసారి మోగుతుంది, షిఫ్టు మొదలయ్యేటప్పుడు రెండోసారి మోగుతుంది. మా బాపు కూడా గని మనిషే కాబట్టి పుట్టినప్పటి నుంచి నేను ఆ సైరన్ల మధ్యే పెరిగాను. గోడ గడియారం వెనకబడితే సైరన్ విని ముల్లు సరిచేసేవాళ్ళం. అందుకే బడి లేని రోజు చూసి, మధ్యాహ్నం మొదటి సైరన్‌కు మందు రాసుకుని మంచం మీద పడుకునేదాన్ని. మూడు గంటలకు రెండో సైరన్ మోగగానే లేచి కడుక్కునేదాన్ని. రెండుసార్లు చక్కగా జరిగింది. నా ఉపాయానికి నేనే మురిసిపోయాను.

మూడోసారి రాసుకున్నది దసరా సెలవుల్లో. పిల్లలిద్దరూ మా అవ్వ దగ్గర ఉన్నారు. మా ఆయన మధ్యాహ్నం షిఫ్టుకు పోయాడు. మొదటి సైరన్ మోగింది, రాసుకుని పడుకున్నాను. చిమచిమ మంటగా మారింది. ఇంకా సైరన్ కాలేదు కదా అని పళ్ళ బిగువున ఓర్చుకున్నాను. మంట ఎక్కువైతే మందు ఎక్కువ పనిచేస్తున్నట్టే అని కూడా అనుకున్నాను. పిల్లలకు నిమిషాలూ సెకండ్లూ నేర్పే మనిషికి ఐదు నిమిషాలు ఎంతసేపో తెలియకపోయింది.

తలుపు చప్పుడైంది. మా ఆయన గొంతు వినిపించింది. "ఇయ్యాల పని లేదు. గని కాడ లొల్లైంది, అందరం బందు పెట్టినం. రెండో సైరన్ గూడ కొట్టనియ్యలే."

కళ్ళు తెరిచాను. ఆయన నా మొహం చూసి టిఫిన్ డబ్బా కింద పడేసి బకెట్ నీళ్ళు తెచ్చాడు. చెంబు మీద చెంబు పోస్తూనే ఉన్నాడు. గోడ గడియారంలో మూడుంబావు. ఐదు నిమిషాల మందును ఇరవై నిమిషాలు ఉంచుకున్నాను. ఎడమ చెంప తెల్లగా పాలిపోయింది. సాయంత్రానికి ఎర్రగా వాచింది, మర్నాటికి పొక్కు కట్టింది.

కొంగు కప్పుకుని కరీంనగర్ పోయాను. డాక్టర్ తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. "బర్న్ అయ్యింది. లోతుకు పోలే. కాని నల్లబడతది. పోస్ట్ ఇన్‌ఫ్లమేటరీ హైపర్‌పిగ్మెంటేషన్ అంటం దీన్ని" అన్నాడు.

"పోతదా సార్?"

"పొక్కు గిల్లకపోతే మెల్లగ పోతది. గిల్లితే మచ్చ జన్మంత ఉంటది. పౌడరు ముట్టద్దు. తప్పు నాది గూడ ఉన్నది, సీసా ఇంటికి ఇయ్యొద్దుండె."

పొక్కు దురద పుట్టినప్పుడల్లా చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని. పొక్కు రాలింది. కింద మచ్చ మునుపటి మంగు కంటే నల్లగా తేలింది. సెలవులు అయిపోయాయి. మా ఆయన, "జర కొన్నొద్దులు లీవ్ పెట్టు" అన్నాడు. ఇప్పుడు ఇంట్లో కూర్చుంటే మళ్ళీ బడి మెట్లు ఎక్కనని నాకు తెలుసు. గొడుగు వేసుకుని బడికి పోయాను.

మొదటి పీరియడే, మునుపు నా మొహానికి బొగ్గు అంటిందన్న పిల్ల ఉన్న తరగతి. ఇప్పుడు ఏడో తరగతికి వచ్చింది. పిల్లల వైపు తిరిగి నిలబడ్డాను. అందరూ చూస్తున్నారు. చివరకు ఆ పిల్లే లేచింది. "టీచర్, మీ మొకం మీద గది బొగ్గేనా?"

"కాదు" అన్నాను. "ఐదు నిమిషాలు పెట్టుకునే మందు ఇరవై నిమిషాలు పెట్టుకున్న. ఎన్ని రెట్లైంది?"

"నాలుగు రెట్లు టీచర్" అని తరగతంతా ఒక్క గొంతుతో అన్నది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుతో నా లోపలి భయం సగం దిగిపోయింది. ఆ రోజు నుంచి ఇవాళ్టి వరకు బోర్డుకు పాఠం చెప్పలేదు.

నలుపు తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ తర్వాత డాక్టర్ మళ్ళీ పీల్స్ మొదలుపెట్టాడు, తన ఆసుపత్రిలోనే, తన చేత్తోనే. ఇప్పుడు మొహం దాదాపు తేటపడింది. ఎడమ చెంప మీద బొటనవేలి గోరంత మచ్చ మిగిలింది. ఎండకు పోతే గొడుగు, సన్‌స్క్రీన్ తప్పవు. ఏడాదికి ఒకటి రెండుసార్లు పీల్‌కు పోతున్నాను.

ఈ వైద్యం చేయించుకునే వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ చెప్పిన నిమిషాలు ఓర్చుకుని తీరవలసిన గడువు కాదు, దాటకూడని గీత. మంట పుడితే ఆ గీత దాకా కూడా పోవద్దు. ఒంటరిగా అసలే వద్దు, గడియారం చూస్తూ ఒక మనిషి పక్కన ఉండాలి.

మా ఆయన ఇప్పుడు పీల్ ఉన్న రోజు డ్యూటీ మార్చుకుని నా వెంట వస్తాడు. డాక్టర్ చేతిలో స్టాప్‌వాచ్ ఉన్నా, తన చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంటాడు. నేను కళ్ళు మూసుకుంటాను. కాసేపటికి ఆయన గొంతు సన్నగా సైరన్ కూస్తుంది. "ఇంక పది సెకండ్లున్నయ్" అంటాడు డాక్టర్. "ముందైతే ఏం గాదు సార్, కడుగుండ్రి" అంటాడు మా ఆయన.