రాక్షస పురుగుకు ఆకు

తట్టల్లో పట్టుపురుగులకు ఆకు పరుస్తుంటే ఆ పచ్చి వాసనకే మా అనిల్ బావ మీద కోపం ఈనాటికీ లేచి వస్తుంది.

నాకు పదేళ్లప్పుడు వాడు బెంగళూరు నుంచి సెలవులకు మా ఊరు దిబ్బూరహళ్ళికి వచ్చాడు. ఇరవై ముఖాల పాచిక చూపించి, కొత్త ఆట నేర్పుతానన్నాడు. కథ వాడు చెబుతాడు. అందులో కత్తి పట్టిన వీరనారిని నేను. ఏం చేయాలో నేనే చెప్పాలి. అది ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది.

"గుహలో ఏనుగంత పురుగుండాది. తల అటూ ఇటూ ఆడిస్తాండాది. ఏం చేస్తావే?"

అలాంటి పురుగు నిజంగానే ఎక్కడో ఉందనుకున్నాను. ఆకలైతే మా పట్టుపురుగులూ అలాగే తలలు ఆడించేవి.

"ఆకలైనట్లుండాది బావా. ఆకేస్తా."

"కత్తి తియ్యే, పిచ్చిదానా!"

"ఆకలైన దాన్ని యాడన్నా పొడుస్తారా?"

వాడు పగలబడి నవ్వి పాచిక దొర్లించాడు. "నిన్ను మింగేసింది. సచ్చినావు, లెయ్ పక్కకి!"

పురుగు మనిషిని మింగుతుందా? జన్మలో ఒక్క తట్టకు ఆకు వేయనివాడు నాకు చెప్పాడు! అయినా ఏడుస్తూ లేచిపోయాను.

పోయినేడు నా మొగుడు చనిపోతే పలకరించడానికి అదే బావ వచ్చాడు. "ఒంటి ఆడదానివి, పురుగుల పని నీతో కాదు, ఎత్తేయ్" అన్నాడు.

ఈసారి ఏడవలేదు. తట్టల్లో పురుగులు తలలు ఆడిస్తున్నాయి. వాడి ముందే ఆకు వేశాను.