ఒకటో నంబరు సాంచా మీద పలచని గీత

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. గొప్పకు చెప్పడం లేదు, ఇరవై రెండేళ్ల వయసులో టెక్స్‌టైల్ డిప్లొమా చేతికొచ్చిన ఎవరినైనా అడగండి, ఇదే చెప్తారు. తెలియనివన్నీ ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చి చేరాయి, మోకాళ్ల నొప్పుల్లాగా. జగిత్యాలలో మా అమ్మ ఆ పట్టాకు ఫ్రేము కట్టించి టీవీ పైన పెట్టింది. సిరిసిల్లలో మా మేనమామకు పన్నెండు మరమగ్గాల కార్ఖానా ఉండేది (అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. మరమగ్గం అన్న మాట నేను పాఠంలో చదవడమే తప్ప ఎవరి నోటా వినలేదు). చదువుకున్న మేనల్లుడు పనికొస్తాడని మామ పిలిపించుకున్నాడు. గాలిలో తేమ కొలిచే మీటరు, భూతద్దం, నల్ల అట్ట నోట్‌బుక్కు, జేబులో మూడు రంగుల పెన్నులతో సోమవారం పొద్దున బస్సు దిగాను.

నేను వెళ్లేసరికి కార్ఖానాలో ఒక తగవు నడుస్తోంది. బడిపిల్లల యూనిఫాం గుడ్డ నేస్తున్నారు. పదకొండు సాంచాల మీద గుడ్డ బాగానే వస్తోంది. ఒకటో నంబరు సాంచా గుడ్డలో మాత్రం రోజూ అడ్డంగా పలచని గీతలు పడుతున్నాయి. వెలుతురుకు పట్టి చూస్తే అవతలి మనిషి ముక్కు కనిపించేంత పలచన. కొనేవాళ్లు రెండు తాన్లు తిప్పి పంపారు. ఆ సాంచా నడిపేది ఎల్లారెడ్డిపేట నుంచి రోజూ బస్సులో వచ్చే నెమ్మదైన మనిషి. అందరూ ఆయన్ని బావ అనే పిలిచేవాళ్లు. పదేళ్లు మహారాష్ట్రలోని భీవండిలో సాంచాలు నడిపి, కూతురు పదో తరగతికి వచ్చిందని ఇంటికి తిరిగొచ్చాడు. శనివారంలోగా గీతలు ఆగకపోతే ఆయన్ని తీసేస్తానని మామ తేల్చేశాడు. తీసేస్తే మళ్లీ భీవండి బస్సెక్కడమే.

నేను అరగంటలో కారణం కనిపెట్టాను. మిగతా సాంచాలు బాగున్నాయి, ఇదొక్కటే బాగాలేదు, దీన్ని నడిపే మనిషి వేరు. నోట్‌బుక్కు తీసి ఎర్ర పెన్నుతో 'కారణం: కార్మికుడి అజాగ్రత్త' అని రాసి కింద రెండు గీతలు కొట్టాను. (మా పుస్తకంలో ఆ మాట పాఠం చివర 'ఇతర కారణాలు' కింద ఉంటుంది. నేను పరీక్షలకు చివరి పేజీలు మాత్రమే చదివిన బాపతు.) పక్కనే నిలబడి నూలు చుట్టిన కండె మారుస్తున్న బావ నా నోట్‌బుక్కు వైపు ఒకసారి చూసి మళ్లీ తన పనిలో పడ్డాడు. మామ మాత్రం మురిసిపోయాడు. “చదువంటే గిట్లుండాలె, అర్ధగంట గాలె, పట్టేసిండు” అని కార్ఖానా అంతా వినిపించేలా చెప్పాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర బావ తన డబ్బా మూతలో సగం పచ్చిపులుసు పోసి నా ముందుకు జరిపాడు. హోటల్ కూడు నాకు పడదేమో అని ఆయన బెంగ. రాసింది తప్పేమో అన్న అనుమానం నా జీవితంలో మొదటిసారి కలిగింది, అదీ అన్నం ముందు. ఆ పూట నుంచి నిజంగా వెతకడం మొదలుపెట్టాను.

అయితే వెతుకుతున్నది నేనొక్కణ్ణే కాదు. కార్ఖానా మెకానిక్కు సప్పుడు తాత ఉన్నాడు. ఆయనకు చూపు ఆనదు. వెదురు కర్ర ఒక కొన సాంచాకు, ఇంకో కొన చెవికి ఆనించి రోగం చెప్తాడు. కండెలు చుట్టే పెద్దమ్మ ఉంది. ఆమె పోగును రెండు వేళ్ల మధ్య జార్చి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్తుంది. నా మీటరును తాత జ్వరం పుల్ల అనేవాడు. తాత కర్రను నేను లోలోపల పిల్లనగ్రోవి అనుకునేవాణ్ణి. పెద్దమ్మ దృష్టిలో మేమిద్దరం పోగు ముఖం చూడని దద్దమ్మలం. ముగ్గురం ఒకే సాంచా చుట్టూ తిరుగుతూ ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

బుధవారం ఎవరికి వాళ్లం వైద్యం చేశాం, అదీ ఒకే రోజు. తేమ చాలడం లేదని నేను చుట్టూ తడి గోనెసంచులు వేలాడదీశాను. బోల్టులు వదులయ్యాయని తాత దొరికినదల్లా బిగించాడు. నూలు మంచిది కాదని పెద్దమ్మ కండెలన్నీ మార్చేసింది. గోనెసంచుల నీళ్లకు బెల్టు జారింది, బిగించిన సాంచా మూలిగింది, కొత్త పోగులు పుటుక్కు పుటుక్కుమని తెగాయి. మామ వచ్చి నాలుగు వేళ్ల పొడుగు గుడ్డను పట్టుకుని, ఇది ఎవరి గోచీకని అడిగాడు. ఇంత జరిగినా మూడు దాటాక ఆ గీత తన వేళకు తాను పడింది. బావ గోనెసంచులు తీసి, నీళ్లు తుడిచి, తెగిన పోగులన్నీ ఒక్కొక్కటే ముడివేసుకున్నాడు.

గురువారం కరెంటు పోయింది. చాయ్ దగ్గర ఉన్నదొకటే బెంచీ కాబట్టి ముగ్గురం దాని మీదే కూర్చోవాల్సి వచ్చింది. తప్పు మీదంటే మీదని వాదన మొదలైంది. నా కోపంలో నేను నోట్‌బుక్కు విప్పి, గీత ఎప్పుడూ పొద్దున పడలేదు, రోజూ మూడు దాటాకే పడుతోంది, అది బోల్టుల తప్పయితే పొద్దునెందుకు పడదని తాతను నిలదీశాను. తాత కర్ర నేలకు తాటించి, “నాకు జెప్పకు. గీత పడే ముందు టక్కుమంటది. అది ఇనుము సప్పుడు గాదు, కట్టె తీరు ఉంటది” అన్నాడు. పెద్దమ్మ ఊరుకుంటుందా? “గా టక్కుమన్నప్పుడే ఎడమ దిక్కు భీము కాడ పోగులు సడలుతున్నయి. నా వేళ్లకు తెలుస్తలేదా?” అంది.

మూడు మాటలూ మొదటిసారి పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. మూడింటికి కార్ఖానాలో ఏం జరుగుతుంది? ఎండ ముదిరిందని గోడ పక్కన పెద్ద ఫ్యాను వేస్తారు. ఎడమ దిక్కున ఇనుము కానిది ఏముంది? పోగులు చుట్టిన భీము వదులు కాకుండా పక్కన ఒక బద్దకు బరువు వేలాడదీస్తారు. ఒకటో నంబరు సాంచాకు సరిగ్గా ఆ బద్ద పక్కనే ఎర్రగుడ్డలో చుట్టిన కొబ్బరికాయ వేలాడుతోంది. మామ కొండగట్టు అంజన్న గుడి నుంచి తెచ్చి, మొదటి సాంచా అని స్వయంగా కట్టిన కాయ. నేను రోజూ దాన్ని చూశాను, దేవుడి సంగతులు నా సిలబస్‌లో లేవని వదిలేశాను. తాత దాన్ని తాకకూడదని అటు కర్ర పెట్టలేదు. పెద్దమ్మ పొద్దున్నే దానికి దండం పెట్టుకుని ఇటు తిరిగేది. కరెంటు రాగానే ఫ్యాను వేసి చూశాం. గాలికి కాయ ఊగి బద్దను కొట్టింది. టక్. పోగులు సడలాయి, గుడ్డ మీద గీత పడింది.

ఇక మామకు ఎవరు చెప్పాలి? నేను గాలి వేగం గురించి ఒక వాక్యం తయారుచేసుకున్నాను గానీ పెద్దమ్మ నన్ను పక్కకు నెట్టింది. “సేటూ, అంజన్న కాడికెళ్లి తెచ్చిన కాయ గది. మోకాళ్ల కింద కట్టిన్రు. మేమందరం కాళ్లు తగిలిచ్చుకుంట తిరుగుతున్నం. దర్వాజ మీద కట్టరాదు?” మామ లెంపలేసుకుని, స్టూలెక్కి, తన చేతులతోనే కాయను దర్వాజ మీదికి మార్చాడు. శుక్రవారం గీత లేదు. శనివారం లేదు. “చూసినవార అల్లుడా, జాగ మార్చంగనే దేవుడెట్ల కరుణించిండో. నీ మీటర్లతోని అయితదా?” అన్నాడు మామ. జాగా మార్చడం వల్లే గీతలు పోయాయన్నది అక్షరాలా నిజం కాబట్టి నేనూ తలూపాను. బావను తీసేసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడ్డ బావ దగ్గరికి వెళ్లి, ముగ్గురం కలిసి ఎలా కనిపెట్టామో వర్ణించి చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

“కాయ తగులుతున్నదని నాకు మొదటి దినమే ఎరుక సారు.”

ఎందుకు చెప్పలేదని అడిగాను.

“సేటు కట్టిన కాయ. నేను జెప్తే, తప్పు జేసి దేవుని మీద ఏస్తున్నడంటరు. చదువుకున్న సారు వస్తున్నడు, ఆయనకు జెప్దామనుకున్న. నేను నోరు తెరిచేటాళ్లకే మీరు ఎర్ర పెన్నుతోని రాసిన్రు.”

కోపంగా అనలేదు. బస్సు వచ్చింది, ఎక్కుతూ, సోమవారం హోటల్‌కు పోవద్దని, నాకూ డబ్బా తెస్తానని అన్నాడు. ఎర్ర పెన్నుతో రాసిన ఆ కాగితం అక్కడే చింపేశాను. సిగ్గు మాత్రం చిరగలేదు.

ఇప్పుడు నేను కోరుట్లలో ఉంటున్నాను. గుడ్డ నాణ్యత చూసి చెప్పే పనే. సప్పుడు తాత లేడు. పెద్దమ్మ వేళ్లకు స్పర్శ తగ్గిందని విన్నాను. ఏ కార్ఖానాకు వెళ్లినా ముందు సాంచా నడిపే మనిషి దగ్గర కూర్చుని చాయ్ తాగుతాను, పెన్ను తర్వాత తీస్తాను. కొత్తగా చేరిన పిల్లలకు ఈ సంగతి పెద్ద అనుభవజ్ఞుడిలా చెప్తుంటాను కూడా.

మొన్న మా ఇంట్లో వాషింగ్ మెషీన్ దడదడా ఊగడం మొదలుపెట్టింది. ఫోన్‌లో మట్టం చూశాను, మెకానిక్కును పిలిచాను, మోటారు మార్చాలేమోనని రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు మా ఆవిడ వచ్చి, దాని మూల కింద తాను పెట్టిన అట్టముక్కను నేనే చెత్త అనుకుని తీసేశానని చెప్పి, మళ్లీ పెట్టింది. మెషీన్ బుద్ధిగా తిరిగింది. ఆ మాట మొదటి రోజే చెప్పొచ్చు కదా అన్నాను.

“అడిగిన్రా నన్ను?” అంది.

మూడు రంగుల పెన్నుల ఆ కుర్రాడు నన్ను వదిలి వెళ్లాడనే అనుకున్నాను ఇన్నేళ్లూ. వాడు ఇంట్లోనే ఉన్నాడు. నవ్వొచ్చింది, కొంచెం ఎల్లారెడ్డిపేట బస్సు కూడా గుర్తొచ్చింది.