టీవీలో తిమింగలం పాడిన సాయంత్రం

నా చిన్నప్పుడు, నాగాయలంక దాటాక వచ్చే మా చేపలవాళ్ళ పల్లెలో, వేటకు వెళ్ళే ప్రతివాడూ ముందు మా అరుగు దగ్గర ఆగేవాడు. అరుగు మీద మా తాతయ్య కూర్చునేవాడు. చూపు పోయి చాలా ఏళ్ళయినా ఆయనవి పాము చెవులు. సముద్రపు హోరు రోజూ వచ్చే వైపు నుంచే వస్తే "వెళ్ళిరండి" అనేవాడు. వైపు మారితే ఆ రోజు పడవలు కదిలేవి కావు.

ఆ ఏడాదే మా ఇంటికి కేబుల్ టీవీ వచ్చింది. నేను దాని ముందు నుంచి లేస్తే ఒట్టు. ఒక సాయంత్రం సముద్ర జీవుల మీద ఏదో కార్యక్రమం వేశారు. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాకపోయినా నోరు తెరుచుకుని చూశాను. చీకటి నీళ్ళలో మా ఇంటికంటే పెద్ద తిమింగలం మూలుగుతున్నట్టు పాడుతోంది. సౌండు బాగా పెంచాను.

"అమ్మాయ్, కాస్త తగ్గించవే. సముద్రం వినపడట్లేదు," అన్నాడు తాతయ్య బయటి నుంచి.

"సముద్రం ఇక్కడే ఉందిగా తాతయ్యా," అని ఇంకాస్త పెంచాను. అంత పొగరు నాకు.

అప్పుడే పక్కింటి మావయ్య వల భుజాన వేసుకుని వచ్చాడు. "ఈ గోలలో ఏం తెలవట్లేదురా, కాసేపాగు," అన్నాడు తాతయ్య. మావయ్య ఆగాడు. కిటికీలోంచి తిమింగలాన్ని చూసి నవ్వాడు కూడా. చివరికి "పోటు నీళ్ళు దిగిపోతే పడవ కదలదు మావా, వెళ్ళొస్తా," అని వెళ్ళిపోయాడు.

కార్యక్రమం అయిపోయాక టీవీ కట్టేశాను. ఇల్లు సద్దుమణిగేసరికి హోరు నాక్కూడా వినపడింది. రోజూ వచ్చే వైపు నుంచి కాదు, తూర్పు నుంచి, నేల కింద ఏదో దొర్లుతున్నట్టు బరువుగా. తాతయ్య లేచి నిలబడి "వాణ్ణి వెనక్కి పిలవండి," అన్నాడు. నాన్న రేవుకు పరుగెత్తేసరికే పడవ ఏటి మొగ దాటి సముద్రంలోకి వెళ్ళిపోయింది. తెల్లవారకముందే గాలివాన పట్టుకుంది. మూడో రోజున పడవ దొరికింది, మావయ్య దొరకలేదు.

ఊరి పెద్దలు వచ్చి, ఎందుకు ఆపలేదని తాతయ్యను నిలదీశారు. నేను తలుపు వెనక నిలబడ్డాను. ఆయన నా వైపు తల కూడా తిప్పలేదు.

"నా చెవులు పోయినయ్యిరా. ఇంక నన్ను అడగమాకండి," అన్నాడు.

ఆ తర్వాత మా అరుగు దగ్గర ఎవరూ ఆగలేదు. నేను పిల్లిలా నడిచి వచ్చినా ఆయనకు తెలిసిపోయేది, పోయే రోజు దాకా.

ఒకరి తప్పును తన నెత్తిన వేసుకోవడం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. నా తప్పును నేను ఒప్పుకోవడం మాత్రం ఇంతవరకూ చేతకాలేదు. ఊరికి వెళ్ళినప్పుడల్లా పక్కింటి అత్త నన్ను కూర్చోబెట్టి టీ ఇస్తుంది. "మీ తాతకి చెవులు బాగుండుంటే మీ మావయ్య ఉండేవాడే," అంటుంది. నేను తలూపి, టీ తాగేసి వస్తాను.